గజం ధర తర్వాత, ముందు అప్పు సంగతి చెప్పు

ఆ కొబ్బరి మట్ట ఇంకోటి మంటలో పడెయ్యరా అబ్బాయ్. పచ్చిది వెయ్యకు, పొగొస్తుంది. ఆఁ, ఇప్పుడు చెప్పు. నున్న దాటాక ఏదో వెంచర్‌లో నూట యాభై గజాలు చూశానన్నావు. బ్రోచర్ చూశాలే, బాగానే ఉంది. ఆర్చి వేశారు, చెట్లు వేశారు, పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. గజం ఎంత చెప్పాడో తర్వాత మాట్లాడుకుందాం. నీ దగ్గర సొంత డబ్బెంతుంది, మిగతాది ఎక్కడ తెస్తున్నావు? ముందు అది చెప్పు.

నవ్వుతావేంట్రా. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా చెట్టుకింద బల్ల వేసుకుని దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. కొనేవాడి మొహమూ చూశాను, అమ్మేవాడి మొహమూ చూశాను. ఒకే స్థలం చేతులు మారుతుంటే ప్రతిసారీ నేనే రాసిన కాగితాలున్నాయి. నాకు తెలిసినంతలో నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టి కొన్నందుకు చెడిపోయినవాడు తక్కువ. ఆగే ఓపిక లేక చెడిపోయినవాళ్లే ఎక్కువ. ఓపికంటే మనసులో ఉండేది కాదు నాయనా, చేతిలో ఉండాలి. అప్పిచ్చినవాడు నెలనెలా గుమ్మంలో నిలబడుతుంటే ఎంత నిబ్బరం గలవాడైనా అమ్ముకుంటాడు.

నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నీకు చిన్నదిగా వినిపిస్తుంది. అది ఏడాదికి 24 శాతం. ఇరవై లక్షల స్థలానికి పది లక్షలు అలా తెచ్చావనుకో. నెలకి 20,000, ఏడాదికి 2,40,000. అయిదేళ్లు ఆ స్థలం కదలకుండా కూర్చుంటే వడ్డీకే 12 లక్షలు పోసినట్టు. అసలు అసలుగానే ఉంటుంది. అంటే నీ ఇరవై లక్షల స్థలం ముప్ఫై రెండు లక్షలకి పడింది. అది అరవై శాతం పెరిగితే నువ్వు మొదలుపెట్టిన చోటే ఉన్నావన్నమాట. రిజిస్ట్రేషన్ ఖర్చు నేనింకా కలపలేదు. బ్యాంకువాడు ఇస్తానంటే అది వేరు. వడ్డీ తక్కువ, పైగా వాళ్ల లాయరు కాగితాలు చూస్తాడు. లేఅవుట్‌కి సరైన అనుమతి లేకపోతే బ్యాంకు అప్పివ్వదు. వాడు ఇవ్వనన్నాడంటే, ఎందుకు ఇవ్వనన్నాడో కనుక్కోకుండా బయట వడ్డీకి పరిగెత్తకూడదు.

మన ప్రాంతంలో భూమికి ధరంటూ వచ్చిందే నీళ్లతో. నందన కరువని మా ముత్తాతలు చెప్పుకునేవాళ్లట, డొక్కల కరువనీ అనేవాళ్లు. 1832-33లో గుంటూరు వైపు జనం పిట్టల్లా రాలిపోయారు. అప్పట్లో పొలం ఉండి కూడా ఆకలితో పోయారు. తర్వాత 1852లో మొదలుపెట్టి 1855కి బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టారు. అందరూ కాటన్ దొర పేరే చెప్తారు గానీ దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఆర్ అనే ఇంజనీరు. నీళ్లు పారాక చేను మాగాణి అయింది, మాగాణికి కొనేవాడొచ్చాడు. 1952లో ఆ పాత ఆనకట్టకి గండి పడితే దాని బదులు బ్యారేజీ మొదలెట్టి 1957కి పూర్తిచేశారు, ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అప్పటి స్థలాల బేరం అంతా ఒక్క మాటలో ఉండేది. కాలవకి ఎగువనా, శివారునా? ఎగువన ఉన్న ఎకరం ఒక ధర, శివారున ఉన్న ఎకరం ఒక ధర. ఎండాకాలం శివారుకి నీరందదు, వానాకాలం ఎగువనుంచి మురుగంతా వచ్చి అక్కడే నిలుస్తుంది. తక్కువకి వస్తోంది కదా అని శివారున కొన్నవాళ్లు తక్కువ ఎందుకో రెండో పంటకి తెలుసుకునేవాళ్లు.

మీరంతా ఇన్వెస్ట్‌మెంట్ అంటారే, అది మావాళ్లు ఆ పేరు తెలియకుండానే చేశారు. 1953లో తుంగభద్ర డ్యామయ్యాక రాయచూరు, గంగావతి, సింధనూరు వైపు కాలవలు తవ్వారు. ఇక్కడ ఒక ఎకరం అమ్మిన డబ్బుతో అక్కడ బోలెడు ఎకరాలొచ్చేవి. మనవైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ బండ్లు కట్టుకుని పోయారు జనం. అంతకు ముందే నిజాంసాగర్ కింద నిజామాబాదు, బోధన్ వైపు వెళ్లినవాళ్లూ ఉన్నారు. మా మేనమామ ఒకాయన ఇక్కడున్న రెండెకరాలూ తెగనమ్మి గంగావతి పోయాడు. ఊరంతా నోరు నొక్కుకుంది. మాగాణి అమ్ముకుని ముళ్లకంపల్లోకి పోతాడేంట్రా వీడు అని. వెళ్లిన కొత్తల్లో పాకలు, నల్లరేగడి చదును చేసుకోవడం, కన్నడం రాక అంగట్లో సైగలు. తిరిగొచ్చేసినవాళ్లున్నారు. చేతిలో రెండేళ్ల తిండికి సరిపడా ఉంచుకుని వెళ్లినవాళ్లు నిలదొక్కుకున్నారు. మా మావ ఉన్న డబ్బంతా భూమికి పెట్టలేదు, మూడోవంతు మా అత్త పెట్టెలో ఉంచాడు. ఆ పెట్టే వాళ్లని నిలబెట్టింది. ఇవాళ్టికీ అక్కడ ఊళ్ల పేర్ల చివర క్యాంపు అని ఉంటుంది చూడు, అవి చాలావరకు మనవాళ్లు వేసిన ఊళ్లే.

బెజవాడ సంగతికొద్దాం. ఈ ఊరు కాలవల మధ్య పెరిగింది. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ. నా చిన్నప్పుడు ‘కాలవవతల’ అంటే ఊరు కానట్టే లెక్క. వన్‌టౌన్, గవర్నర్‌పేట, గాంధీనగరం, సత్యనారాయణపురం. అక్కడితో సరి. పటమట ఒక పల్లె. మొగల్రాజపురం కొండ కింద పాములు తిరిగేవి. పటమట పక్కన పొలాల్లో ఆటోనగర్ పెడతామన్నప్పుడు, లారీలు బాగుచేసే మెకానిక్కుల్ని ఊరికి అంత దూరం తోలేస్తారా అని జాలిపడ్డారు. అరవైల్లో మాట అది. తర్వాత వాళ్లను చూసి అసూయపడ్డారులే. ఊరు ఎటు పెరుగుతుందో పెద్దపెద్ద పటాలేసినవాళ్లకన్నా ఈ బాడీబిల్డింగు షెడ్లవాళ్లకే ముందు తెలిసింది, ఎందుకంటే లారీ ఎటు పోతుందో వాళ్లకి తెలుసు. కలకత్తా నుంచి మద్రాసు పోయే రోడ్డూ హైదరాబాదు నుంచి బందరు పోయే రోడ్డూ ఇక్కడే కలుస్తాయి.

మేం మొదట కొన్నది గుణదల వైపు నూట ఎనభై గజాలు. మీ నాయనమ్మ నాంతాడు అమ్మి కొన్నాం. ఆవిడ ఒప్పుకున్నదే ఒక్క షరతు మీద. అప్పు చెయ్యకూడదు. స్థలం కొన్నాక నాలుగేళ్లు గోడ కూడా కట్టలేదు, తాటాకు దడి కట్టుకుని మొక్కజొన్న వేసుకున్నాం. తర్వాత రెండు పోర్షన్లు కట్టి ఒకదాంట్లో మేమున్నాం, ఒకటి అద్దెకిచ్చాం. ఆ అద్దెతోనే మీ నాన్న ఫీజులు కట్టాను. ఇప్పుడు నువ్వు ఫ్లాటు కొని అద్దెకిస్తానంటున్నావు, ఇవ్వు, తప్పులేదు. కానీ ఏడాది అద్దె అంతా కలిపి ఫ్లాటు ధరలో మూడు శాతం దాటితే గొప్ప. ఇంటి పన్ను, లిఫ్టు మెయింటెనెన్సు, మధ్యలో ఖాళీగా ఉన్న నెలలు పోగా మిగిలేది చూసుకో. అపార్ట్‌మెంట్‌లో నువ్వు నిజంగా కొనేది గోడలు కాదు, కింద భూమిలో నీ వాటా ఎన్ని గజాలని రాశారో అది. గోడలకి ముప్ఫై నలభై ఏళ్లు. దస్తావేజులో అవిభక్త వాటా అని ఉంటుంది చూడు, ఆ లైను చాలామంది చదవనే చదవరు.

చదవడం అంటే గుర్తొచ్చింది. ఒకాయన ఉయ్యూరు రోడ్డు మీద స్థలం కొంటూ నా దగ్గరికొచ్చాడు. అడ్వాన్సు ఇచ్చేశాడు, కాగితాలు రాసిపెట్టమన్నాడు. పాత దస్తావేజు తెరిచి చతుస్సరిహద్దులు చదివాను. తూర్పు పుంత, దక్షిణం ఫలానావారి స్థలం, ఉత్తరం అమ్మేవారి మిగులు భూమి, పడమర పంట బోదె. బోదె ఎక్కడుందండీ అన్నాను. అమ్మేవాడు తడుముకోకుండా ఎప్పుడో పూడిపోయింది లెండి అన్నాడు. పూడిపోయిన బోదె ఎవరిది? వాడిది కాదు కదా, సర్కారుది. నా మాట విని కొనేవాడు సర్వేయర్ని తీసుకెళ్లాడు. సర్వేయరు ఎఫ్‌ఎంబీ పటం నకలు మోటార్ సైకిల్ సీటు మీద పరిచి లింకుల్లో కొలతలు చదివాడు. గొలుసంటే 66 అడుగులు, వంద లింకులు. పది చదరపు గొలుసులు ఎకరం. అలా కొలుచుకుంటూ పోతే పడమటి ప్రహరీ బోదె మధ్యలో ఉంది! కాగితంలో రాసిన గజాల్లో కొన్ని బోదెవి. బేరం గజాలు తగ్గించి మళ్లీ కుదిరింది లెండి అని కొనేవాడు సంతోషపడ్డాడు గానీ, నాకు ఆ అమ్మేవాడి మీద కోపం రాలేదు. వాళ్ల నాన్న కాలంలోనే పూడ్చారు దాన్ని. వీడు పుట్టినప్పటినుంచీ అది వాళ్ల స్థలమే అనుకున్నాడు.

ఇంకోటి. సెంటుకి 48 గజాలని ఊళ్లో లెక్కకడతారు. ఎకరం 4,840 గజాలు కాబట్టి సెంటు 48.4. సెంటు కొనేటప్పుడు తేడా లేదు. ఎకరం కొనేటప్పుడు నలభై గజాలు ఎవరి జేబులోకో పోతాయి.

కాగితం ఉంది కదా అని సరిపోదు, ఆ కాగితం వెనక కాగితం, దాని వెనక కాగితం కావాలి. మీరు లింకు డాక్యుమెంట్లంటారు. ముప్ఫై ఏళ్ల వెనక్కి వెళ్లు. అక్కడ ఎక్కడో ఒక అన్నదమ్ముల పంపకం తగులుతుంది. అక్కడ ఆగి, ఆ ఇంట్లో ఆడపిల్లలెంతమందో అడుగు. మా కాలంలో పసుపు కుంకుమల కింద అమ్మాయికి ఇంత ఇచ్చాం అనేసి మగపిల్లలు సంతకాలు పెట్టుకునేవాళ్లు. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కిచ్చింది. 2005లో కేంద్రం దేశమంతటికీ ఆ హక్కు తెచ్చింది, పెళ్లయినవాళ్లకీ కలిపి. 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందనేసింది. నేను రాసిన కాగితాల్లోనే ఆడపడుచు సంతకం లేక కోర్టుకెక్కినవి ఉన్నాయి. కొనేవాడికి ఏం తెలుసు పాపం, ఎదురుగా నలుగురు అన్నదమ్ములు తెల్లచొక్కాలేసుకుని కూర్చుంటే. అయిదో మనిషి అమెరికాలో ఉందని ఎవరూ చెప్పరు.

ఊళ్లో కరణం ఉన్నన్నాళ్లు ఇలాంటివి ఆయన్నడిగితే తేలిపోయేవి. ఏ సర్వే నంబరు ఎవరిదో, ఎవరి తాత ఎవరికి తాకట్టు పెట్టాడో ఆయనకి నోటికి వచ్చు. ఆయన తల్చుకుంటే తేలినదాన్ని ముడేసేవాడు కూడా, అందరూ దేవుళ్లు కాదు. 1984 జనవరిలో కరణాల్నీ మునసబుల్నీ తీసేశారు. పెత్తనం పోయిందని జనం పండగ చేసుకున్నారు, నిజమే. తర్వాత కొన్ని ఊళ్లలో రికార్డు చేతులు మారడంలో చెదిరిపోయింది. 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు వచ్చాయి. అంతకు ముందు ఈసీ, అంటే ఆస్తి మీద లావాదేవీల పత్రం, కావాలంటే లావుపాటి ఇండెక్సు పుస్తకాలు తిరగేసి రాసివ్వాలి, రోజులు పట్టేది. ఇప్పుడు నీ ఫోన్లోనే చూసుకుంటావు. చూసుకోవడం తేలికయ్యాక చూడ్డం మానేశారేంట్రా మీరు?

రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల 22ఏ జాబితా కూడా చూడు. సర్కారు భూమి, దేవుడి మాన్యం, వక్ఫ్ భూమి, పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అందులో ఉంటాయి. డి-పట్టా భూమి అమ్మకూడదని 1977లోనే చట్టం వచ్చింది. మధ్యలో సడలింపులు వచ్చాయి, అవి ఎవరికి వర్తిస్తాయో లాయరు చెప్పాలి, బ్రోకరు కాదు. జీపీఏ, అంటే పవర్ ఆఫ్ అటార్నీ మీద కొనమంటే వద్దు. 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, జీపీఏతో హక్కు బదిలీ కాదని.

ఇక రాజధాని కథ. అది చెప్పకుండా మనవైపు స్థలాల ముచ్చట పూర్తికాదు. 1953లో ఆంధ్రరాష్ట్రం వచ్చినప్పుడే బెజవాడని రాజధాని చెయ్యాలని పట్టుబట్టారు. శ్రీబాగ్ ఒప్పందం ప్రకారం కర్నూలుకి పోయింది. హైకోర్టు గుంటూరుకొచ్చింది. మూడేళ్లకి రెండూ హైదరాబాదుకి పోయాయి. మా నాన్న ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు నవ్వేవాడు. రాజధానంటే బస్సు లాంటిది, ఏ స్టాపులో ఆగుతుందో ఎక్కేదాకా తెలియదు అనేవాడు.

2014లో రాష్ట్రం విడిపోయాక మళ్లీ అదే మొదలైంది. వేసవిలో నూజివీడు అన్నారు. ఆగిరిపల్లి అన్నారు. గన్నవరం అన్నారు, ఎయిర్‌పోర్టుంది కదా అని. నాగార్జున యూనివర్సిటీ దగ్గరన్నారు. పేరు అన్నదే తడవు కార్లు దిగేవి. మామిడితోటలు చూపించి ఎకరాల్లో బేరాలు. శివరామకృష్ణన్ కమిటీ ఆగస్టులో పంటభూములు పాడుచెయ్యొద్దని రాసింది, దాన్నెవరు చదివారు! సెప్టెంబరు 4న అసెంబ్లీలో బెజవాడ పరిసరాల్లో అన్నారు. ఆ తర్వాత చూస్తే కృష్ణకి ఆ ఒడ్డున తుళ్లూరు వైపు. నూజివీడులో అడ్వాన్సులిచ్చినవాళ్ల గతి ఏమిటి?

ఆ బేరాలు ఎలా జరిగేవో చెప్తా విను, నువ్వు కూడా ఎప్పుడో తగులుకుంటావు. రైతుకి పదోవంతు బయానా ఇచ్చి మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాయించుకుంటాడు ఒకడు. కొనడానికి కాదు. గడువులోపల పైధరకి ఇంకొకడికి అదే అగ్రిమెంటు తిప్పేస్తాడు. వాడు ఇంకొకడికి. ఆఖరివాడి పేరున రైతే నేరుగా రిజిస్టర్ చేస్తాడు. మధ్యలో వాళ్ల పేర్లు ఏ దస్తావేజులోనూ ఉండవు. ధర ఎక్కుతున్నంతసేపు అందరూ మేధావులే. ధర ఆగిన రోజున చేతిలో కాగితం ఉన్నవాడు మిగతా తొమ్మిది వంతులూ తేలేడు, బయానా వదులుకోలేడు. మా వీధిలోనే ఒకాయన, రిటైరైన డబ్బు బయానాగా పెట్టి, మిగతాది వడ్డీకి తెచ్చి నిలబెట్టుకున్నాడు. తోట ఆయన పేరున పడింది. రాజధాని మాత్రం యాభై కిలోమీటర్లు అవతల పడింది. ఆయన భూమికి ఏ లోటూ లేదు, మంచి మామిడితోట. పదేళ్లు ఊరుకుంటే దాని దారిన అది పెరిగేది. ఊరుకోనిచ్చేదెవరు? వడ్డీవాడు మూడో ఏటికే తోట రాయించుకున్నాడు.

ఆ ఒడ్డున సంగతి ఇంకో రకం. 29 ఊళ్లు. 2015 మొదట్నుంచీ రాజధానికి భూముల పూలింగు. రైతులు ముప్ఫై మూడు వేల ఎకరాలకి పైగా ఇచ్చారు, డబ్బు తీసుకోకుండా. ఎకరానికి వెయ్యి గజాల ఇళ్ల స్థలం, దానికితోడు మెట్టైతే 250, జరీబైతే 450 గజాల వాణిజ్య స్థలం తిరిగిస్తామన్నారు. పదేళ్లపాటు ఏటేటా కౌలు. మెట్టకి 30,000, జరీబుకి 50,000తో మొదలు. జరీబంటే నది పక్కన ఏడాదికి మూడు పంటలు పండే నేల, పెనుమాక, ఉండవల్లి అలాంటివి. అందుకే అక్కడివాళ్లు చాలామంది ముందు ససేమిరా అన్నారు. 2015 అక్టోబరు 22న ప్రధాని వచ్చి శంకుస్థాపన చేశాడు. ఆ ఏడు ప్లాట్ల ధరలు చూస్తే కళ్లు తిరిగేవి. 2019 డిసెంబరు 17న మూడు రాజధానుల మాట అసెంబ్లీలో వచ్చింది, అంతే. దీక్షా శిబిరాలు మొదలయ్యాయి. రోడ్ల మధ్య తుమ్మచెట్లు మొలిచాయి. 2022 మార్చి 3న హైకోర్టు రైతుల పక్షాన తీర్పిచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక మళ్లీ కదలిక, 2025 మే 2న మళ్లీ ప్రధాని వచ్చి పనులు మొదలెట్టించాడు.

ఈ పదేళ్లూ ఒకటే మట్టి, ఒకటే నది. 2015లో కొని 2020లో సగానికి అమ్ముకున్నవాణ్ణి చూశాను. వాడి దగ్గరే కొని ఊరుకున్నవాణ్ణీ చూశాను. రెండోవాడు తెలివైనవాడేం కాదు. వాడికి అప్పు లేదు, అంతే. ప్రభుత్వం మాటని నమ్మి పొలమిచ్చిన రైతు సంగతి వేరే, ఆయన వ్యాపారానికి దిగలేదు. ఆయన్ని ఈ లెక్కలో కలపడం నాకు నచ్చదు.

నీళ్ల సంగతి మళ్లీ చెప్పాలి, ఎందుకంటే నువ్వు చూసింది నున్న వైపు. 2024 సెప్టెంబరు 1 పొద్దున నువ్వు హైదరాబాదులో ఉన్నావు. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. 2009లో వచ్చినదానికన్నా ఎక్కువ. అంత కృష్ణ వచ్చినా కృష్ణలంకని రిటైనింగ్ వాల్ కాపాడింది. ముంచింది కృష్ణ కాదురా, బుడమేరు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే వాగు. దాని కట్టకి గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజీవ్‌నగర్ వైపు మొదటి అంతస్తు దాకా నీళ్లు. రోజుల తరబడి పోలేదు. పడవల్లో పాలపాకెట్లు పంచారు. 2005లో కూడా వచ్చింది అదే బుడమేరు. మధ్యలో పంతొమ్మిదేళ్లలో ఆ దారిలో ఎన్ని ఇళ్లు లేచాయో, ఎంతమంది బ్రోకర్లు ‘ఇక్కడికి చుక్క నీరు రాదండీ’ అన్నారో. వాగు పాత దారి సర్వే పటంలో ఉంటుంది. స్థలాన్ని మే నెలలో చూసి కొనేవాడికి అది కనపడదు. పక్క చేనువాడికి కనపడుతుంది. పాత ఇళ్ల గోడల మీద నీటి చార ఎంత ఎత్తునుందో చూసినా తెలుస్తుంది, సున్నం వేసినా లోపలి గదుల్లో వదిలేస్తారు.

ఇక ఆ వెంచర్‌వాడు చెప్పే మాటలు. పంచాయతీ అప్రూవల్ అంటాడు. పంచాయతీ సంతకం ఒక్కటే చాలదు. మన దగ్గర 1978 నుంచీ వీజీటీఎం ఉడా ఉండేది, 2014 డిసెంబరులో దాని బదులు సీఆర్‌డీఏ వచ్చింది. వాళ్లిచ్చిన లేఅవుట్ నంబరు కావాలి. అయిదొందల చదరపు మీటర్లు దాటిన ఇలాంటి లేఅవుట్‌కి రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు బ్రోచర్ మీదే అచ్చేసి ఉండాలి. ఉందా? చూడు. లేదు కదా. నేనందుకే చెట్ల బొమ్మలు లెక్కపెట్టలేదు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం దాకా పోతుంది, ఇరవై లక్షలకి లక్షన్నర. అది కూడా అప్పులో వేశావా నీ లెక్కలో?

వాయిదాల మీద ఇస్తాం, ముందు నెలకింత కట్టండి, స్థలం తర్వాత చూపిస్తాం అంటే లేచి వచ్చెయ్. అగ్రిగోల్డ్ గుర్తుందా? మన బెజవాడ కేంద్రంగా నడిచింది. స్థలాలిస్తామనీ డిపాజిట్లనీ ఎన్నో రాష్ట్రాల్లో వసూలు చేశారు. ముప్ఫై లక్షల పైచిలుకు మంది, కూరగాయలమ్మేవాళ్లూ రిక్షావాళ్లూ వాళ్లలో ఎక్కువ. చెల్లింపులు ఆగాక ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిరిగారు. పదివేల లోపు కట్టినవాళ్లకి 2019లో, ఇరవైవేల లోపు వాళ్లకి 2021లో ప్రభుత్వం తన ఖజానా నుంచి ఇచ్చింది. భూమి కొనుక్కున్నామనుకున్నవాళ్ల చేతిలో భూమి లేదు, బాండు కాగితం ఉంది. నువ్వు డబ్బిచ్చిన రోజున నీ కాళ్ల కింద సర్వే నంబరున్న నేల ఉండాలి, నీ పేర దస్తావేజు ఉండాలి.

సరే, ఇప్పుడు పని చెప్తా. పొద్దున్నే వాడికి ఫోన్ చేసి మూడడుగు. సీఆర్‌డీఏ లేఅవుట్ నంబరు, రెరా నంబరు, ముప్ఫై ఏళ్ల లింకులు. సర్వే నంబరు చెప్పకుండా ముందు టోకెన్ వెయ్యండి అంటే ఫోన్ పెట్టెయ్. చెప్తే ఈసీ తియ్యి, 22ఏలో చూడు. మధ్యాహ్నం నన్ను బండి మీద ఎక్కించుకో, ఆ పక్క చేల్లో ఎవరైనా పశువులు మేపుతుంటారు, బుడమేరు నీళ్లు ఎంతెత్తు వచ్చాయో వాళ్లని నేనడుగుతాను. నువ్వడిగితే చెప్పరు, కొనేవాడివని పసిగడతారు. మీ మామగారిని అడుగుతానన్న ఆరు లక్షలు మాత్రం అడక్కు. నూట యాభై గజాలు రాకపోతే వంద గజాలు చూద్దాం. వంద గజాలు కూడా రాకపోతే వచ్చే ఏడు చూద్దాం. ఆ బ్రోచరు ఇటివ్వు, వెనక అట్ట మీద సర్వే నంబరేదో చిన్నక్షరాల్లో వేసినట్టుంది, కళ్లజోడు తెస్తే చదువుతా.